ఎం.ఫార్మసీ పాఠ్యక్రమం: స్వరూపం, మూల్యాంకనం, ప్రజారోగ్యంతో సంబంధం

నేపథ్య వ్యాసం

మందు కొనుగోలు చేసే వ్యక్తికి దాని నాణ్యతను స్వయంగా పరీక్షించుకొనే అవకాశం లేదు. కూరగాయలను చేత పట్టి చూసి, బియ్యాన్ని నోట వేసుకొని మంచిచెడ్డలు తెలుసుకోవచ్చు. మందు విషయంలో సీసాపై అతికించిన లేబుల్‌ను నమ్మడం తప్ప రోగికి గత్యంతరం లేదు. ఆ లేబుల్‌పై రాసినది నిజమేనని ప్రయోగశాలలో రుజువు చేసి, ఆ రుజువు కింద సంతకం చేయగల నిపుణులు దేశానికి అవసరం. అట్టి నిపుణులను రూపొందించే ఉన్నత విద్యలో ఫార్మసీ పోస్టు గ్రాడ్యుయేట్ కోర్సు, అనగా ఎం.ఫార్మసీ, ముఖ్యమైనది.

ఈ కోర్సు గురించి వార్తలు సాధారణంగా ప్రవేశ పరీక్షల సమయంలోను, సీట్ల భర్తీ సమయంలోను మాత్రమే వెలువడుతూ ఉంటాయి. తరగతి గదిలో, ప్రయోగశాలలో రెండు సంవత్సరాల పాటు విద్యార్థి ఏమి నేర్చుకుంటాడన్న విషయం అంతగా చర్చకు రాదు. భారత ఫార్మసీ మండలి (పి.సి.ఐ.) నిబంధనల ప్రకారం ఈ పాఠ్యక్రమం ఏ విధంగా ఉన్నది, మార్కులు ఏ విధంగా కేటాయిస్తారు, ఔషధ నాణ్యతతో దీనికి గల సంబంధమేమిటి అన్న అంశాలను ఈ వ్యాసం వివరిస్తుంది.

నేపథ్యం

దేశంలో మందుల నాణ్యతపై విచారణకు కల్నల్ ఆర్.ఎన్. చోప్రా అధ్యక్షతన 1930లో ఏర్పాటైన సంఘం 1931లో నివేదిక సమర్పించింది. మందుల తయారీ, అమ్మకాలపై చట్టబద్ధమైన నియంత్రణ అవసరమని, ఫార్మసీ వృత్తికి శిక్షణ అవసరమని ఆ నివేదికతో స్పష్టమైంది. తదనంతరం 1940లో ఔషధాల చట్టం, 1948లో ఫార్మసీ చట్టం అమలులోకి వచ్చాయి. ఫార్మసీ చట్టం కింద 1949లో భారత ఫార్మసీ మండలి ఏర్పాటైంది.

విశ్వవిద్యాలయ స్థాయిలో ఫార్మసీ విద్యకు ఆచార్య మహాదేవ లాల్ ష్రాఫ్ కృషితో 1932లో బనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో అంకురార్పణ జరిగింది. 1937లో అక్కడ బి.ఫార్మసీ కోర్సు ప్రారంభమైంది. తెలుగునాట విశాఖపట్నంలోని ఆంధ్ర విశ్వవిద్యాలయం 1951లో ఫార్మసీ విభాగాన్ని నెలకొల్పింది. అనంతర కాలంలో వరంగల్‌లోని కాకతీయ విశ్వవిద్యాలయం తదితర సంస్థలు ఈ రంగంలో ప్రవేశించాయి.

చాలా కాలం పాటు విశ్వవిద్యాలయాలు తమ తమ పాఠ్యప్రణాళికలను అనుసరిస్తూ వచ్చాయి. దీని వలన ఒకే పేరు గల డిగ్రీ వేర్వేరు చోట్ల వేర్వేరు విషయాలను సూచించే పరిస్థితి ఉండేది. ఈ వ్యత్యాసాలను తొలగించే ఉద్దేశంతో పి.సి.ఐ. మాస్టర్ ఆఫ్ ఫార్మసీ కోర్సు నిబంధనలు, 2014ను రూపొందించింది. ఇవి 2014 డిసెంబరులో గెజిట్‌లో ప్రచురితమయ్యాయి. ఫార్మసీ విద్యా ప్రమాణాల విషయంలో పి.సి.ఐ. నిర్ణయాలే వర్తిస్తాయని సుప్రీంకోర్టు 2020 మార్చి 5న తీర్పు వెలువరించడంతో, ఈ విషయమై అఖిల భారత సాంకేతిక విద్యా మండలికి, పి.సి.ఐ.కి మధ్య ఉన్న అధికార పరిధి వివాదం కూడా పరిష్కారమైంది.

ప్రవేశ అర్హత

పి.సి.ఐ. ఆమోదించిన సంస్థ నుండి బి.ఫార్మసీ ఉత్తీర్ణులై, నాలుగు సంవత్సరాలకు కలిపి కనీసం 55 శాతం మార్కులు పొందినవారు ఈ కోర్సుకు అర్హులు. జాతీయ స్థాయిలో జీప్యాట్ పరీక్ష ఉన్నది. దీనిని 2010 నుండి ఏ.ఐ.సి.టి.ఇ., 2019 నుండి జాతీయ పరీక్షల సంస్థ, 2024 నుండి జాతీయ వైద్య విజ్ఞాన పరీక్షల మండలి నిర్వహిస్తూ వచ్చాయి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో కన్వీనర్ కోటా సీట్లకు జీప్యాట్ అర్హులకు ప్రాధాన్యమిచ్చి, అనంతరం ఆయా రాష్ట్రాల పీజీఈసెట్ ర్యాంకుల ఆధారంగా ప్రవేశాలు కల్పిస్తారు.

పాఠ్యక్రమ నిర్మాణం

కోర్సు కాలపరిమితి రెండు సంవత్సరాలు, అనగా నాలుగు సెమిస్టర్లు. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 100 పని దినాలు ఉండాలి. బోధనా మాధ్యమం, పరీక్షా మాధ్యమం ఆంగ్లం. డిగ్రీ పొందుటకు కనీసం 95 క్రెడిట్లు అవసరం. సహపాఠ్య కార్యక్రమాల ద్వారా అదనంగా లభించే వాటితో కలిపి గరిష్ఠంగా 100 క్రెడిట్ల వరకు పొందవచ్చు.

క్రెడిట్ల లెక్క సులభమైనదే. వారానికి ఒక గంట తరగతి బోధనకు ఒక క్రెడిట్, ఒక గంట ప్రాక్టికల్‌కు అర క్రెడిట్ చొప్పున లెక్కిస్తారు. ఈ ప్రకారం వారానికి నాలుగు గంటల థియరీ సబ్జెక్టుకు 4 క్రెడిట్లు, 12 గంటల ప్రాక్టికల్‌కు 6 క్రెడిట్లు వస్తాయి. సెమిస్టర్ల వారీ పంపిణీ ఈ దిగువ విధంగా ఉన్నది.

మొదటి సెమిస్టర్: నాలుగు థియరీ సబ్జెక్టులు, ప్రాక్టికల్స్, సెమినార్ లేదా అసైన్‌మెంట్ – 26 క్రెడిట్లు, 650 మార్కులు.

రెండవ సెమిస్టర్: నాలుగు థియరీ సబ్జెక్టులు, ప్రాక్టికల్స్, సెమినార్ లేదా అసైన్‌మెంట్ – 26 క్రెడిట్లు, 650 మార్కులు.

మూడవ సెమిస్టర్: పరిశోధనా పద్ధతులు – జీవ గణాంక శాస్త్రం, జర్నల్ క్లబ్, పరిశోధన ప్రతిపాదనపై చర్చ, పరిశోధన – 21 క్రెడిట్లు, 525 మార్కులు.

నాల్గవ సెమిస్టర్: జర్నల్ క్లబ్, పరిశోధన, తుది సమర్పణ – 20 క్రెడిట్లు, 500 మార్కులు.

సహపాఠ్య కార్యక్రమాలు: కనీసం 2, గరిష్ఠంగా 7 క్రెడిట్లు.

ఈ లెక్కలను పరిశీలించినచో ఒక విషయం స్పష్టమవుతుంది. 95 క్రెడిట్లలో 52, అనగా సగానికి పైగా, మొదటి సంవత్సరపు పాఠ్యాంశాలకే కేటాయించడం జరిగింది. అందులో థియరీకి 32, ప్రాక్టికల్స్‌కు 12, సెమినార్లకు 8 క్రెడిట్లు. రెండవ సంవత్సరంలో పరిశోధనకు కేటాయించినవి 30 క్రెడిట్లు. ఎం.ఫార్మసీ అనగానే పరిశోధన, థీసిస్ అన్న అభిప్రాయం ప్రచారంలో ఉన్నప్పటికీ, నిబంధనలు మొదటి సంవత్సరపు చదువుకే ఎక్కువ బరువునిచ్చాయి.

పది శాఖలు

2014 నిబంధనల కింద పాఠ్యప్రణాళిక పది శాఖలలో రూపొందింది. అవి: ఫార్మాస్యూటిక్స్, ఇండస్ట్రియల్ ఫార్మసీ, ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ, ఫార్మాస్యూటికల్ అనాలిసిస్, ఫార్మాస్యూటికల్ క్వాలిటీ అస్యూరెన్స్, ఫార్మాస్యూటికల్ రెగ్యులేటరీ అఫైర్స్, ఫార్మాస్యూటికల్ బయోటెక్నాలజీ, ఫార్మసీ ప్రాక్టీస్, ఫార్మకాలజీ, ఫార్మకాగ్నసీ.

ఫార్మాస్యూటిక్స్ శాఖ మందును రోగి శరీరంలోకి చేర్చే రూపాన్ని గురించినది. ఒకే మందును వెంటనే కరిగే బిళ్ళగాను, 12 గంటల పాటు కొద్దికొద్దిగా విడుదలయ్యే బిళ్ళగాను, చర్మంపై అతికించే పట్టీగాను తయారు చేయవచ్చు. ఈ శాఖ విద్యార్థులు మొదటి సెమిస్టర్‌లో ఔషధ ప్రదాన వ్యవస్థలు, ఆధునిక ఫార్మాస్యూటిక్స్, నియంత్రణ వ్యవహారాలు చదువుతారు. రెండవ సెమిస్టర్‌లో నానో పరిజ్ఞానం, జీవ ఔషధ శాస్త్రం, ఫార్మకోకైనెటిక్స్, కంప్యూటర్ ఆధారిత రూపకల్పన, సౌందర్య సాధనాలు పాఠ్యాంశాలుగా ఉంటాయి.

ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ మందు అణువును తయారు చేసే శాస్త్రం. ఉన్నత సేంద్రియ రసాయన శాస్త్రం రెండు భాగాలుగా రెండు సెమిస్టర్లలోను ఉంటుంది. రెండవ సెమిస్టర్‌లోని ప్రాసెస్ కెమిస్ట్రీ తెలుగునాట ప్రత్యేక ప్రాధాన్యం గల సబ్జెక్టు. ప్రయోగశాలలో గ్రాముల లెక్కన చేసిన చర్యను కర్మాగారంలో కిలోల లెక్కన, టన్నుల లెక్కన చేసినప్పుడు వేడి ఏ విధంగా పెరుగుతుంది, ద్రావణిని ఏ విధంగా తిరిగి రాబట్టాలి, మలినాలు ఎక్కడ పుడతాయి అన్న విషయాలు ఇందులో ఉంటాయి. ఐ.డి.పి.ఎల్. కర్మాగారం స్థాపనతో హైదరాబాద్ బల్క్ డ్రగ్స్ కేంద్రంగా ఎదిగింది. విశాఖపట్నం సమీపంలోని పరవాడలో జవహర్‌లాల్ నెహ్రూ ఫార్మా సిటీ ఏర్పాటైంది. ఈ రెండు ప్రాంతాలలోని పరిశ్రమలలో భద్రతకు, నాణ్యతకు ఈ పరిజ్ఞానం ఆధారం.

ఫార్మకాలజీ శాఖ మందు శరీరంపై చూపే ప్రభావాన్ని, విషప్రభావాన్ని పరీక్షించే పద్ధతులను బోధిస్తుంది. జంతువులపై చేసే ప్రయోగాలకు 1960 నాటి జంతు హింస నివారణ చట్టం కింద ఏర్పాటైన కేంద్ర సంఘంలో సంస్థ నమోదు, సంస్థాగత జంతు నైతిక సంఘం అనుమతి తప్పనిసరి. ఫార్మకాగ్నసీ శాఖ ఔషధ మొక్కలను, వాటిలోని రసాయనాలను, భారతీయ వైద్య విధానాలను అధ్యయనం చేస్తుంది. క్వాలిటీ అస్యూరెన్స్, రెగ్యులేటరీ అఫైర్స్ శాఖలు పరిశ్రమలోని పత్రాలు, తనిఖీలు, అనుమతులకు సంబంధించినవి.

ఫార్మసీ ప్రాక్టీస్ శాఖ విద్యార్థులు ఆసుపత్రి వార్డులలో పని చేస్తారు. రోగి వాడుతున్న మందుల మధ్య పరస్పర చర్యలను గుర్తించడం, మోతాదులను సమీక్షించడం, దుష్ఫలితాలను నమోదు చేయడం వీరి చదువులో భాగం. పుస్తకాలన్నీ ఆంగ్లంలో ఉన్నా, రోగితో మాట్లాడవలసినది తెలుగులోనే. పరగడుపున వేసుకోవలసిన బిళ్ళను అన్నం తిన్న తరువాత వేసుకొన్నచో ఏమవుతుందో రోగికి అర్థమయ్యే మాటలలో చెప్పలేనిచో ఈ చదువు ఫలితం రోగికి చేరదు. ఔషధ ప్రయోగ పరీక్షలలో పాల్గొనేవారికి సమ్మతి పత్రం వారికి అర్థమయ్యే భాషలో ఉండాలని 2019 నాటి నూతన ఔషధాలు, క్లినికల్ పరీక్షల నియమాలు కూడా నిర్దేశిస్తున్నాయి.

ఎనిమిది శాఖలకు ఉమ్మడి పాఠ్యాంశం

పది శాఖలలో రెగ్యులేటరీ అఫైర్స్, ఫార్మసీ ప్రాక్టీస్ మినహా మిగిలిన ఎనిమిదింటికి మొదటి సెమిస్టర్‌లో ఒక ఉమ్మడి సబ్జెక్టు ఉన్నది. అది ఆధునిక ఔషధ విశ్లేషణ పద్ధతులు. మందులో ఏ పదార్థం ఉన్నది, ఎంత ఉన్నది, దానితో పాటు ఉండకూడనిది ఏమైనా ఉన్నదా అన్న మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పే పరికరాల శాస్త్రమిది.

కాంతిని పదార్థం ఎంత మేరకు పీల్చుకుంటుందో కొలిచే అతినీలలోహిత, పరారుణ వర్ణపట పద్ధతులు, ఫ్లోరిమెట్రీ, లోహాలను గుర్తించే అటామిక్ అబ్సార్‌ప్షన్ పద్ధతి, అణువు నిర్మాణాన్ని తెలిపే ఎన్.ఎం.ఆర్., అణుభారాన్ని తెలిపే మాస్ స్పెక్ట్రోమెట్రీ, మిశ్రమాలను వేరుచేసే క్రొమటోగ్రఫీ, ఎలక్ట్రోఫోరసిస్, ఎక్స్-రే స్ఫటిక శాస్త్రం, ఎలీసా వంటి రోగనిరోధక పరీక్షలు ఇందులోని ముఖ్యాంశాలు.

వీటిలో పరిశ్రమలో నిత్యం వాడుకలో ఉన్నది హెచ్.పి.ఎల్.సి. పరికరం. మందు ద్రావణాన్ని అధిక పీడనంతో సన్నని గొట్టం వంటి కాలమ్ గుండా పంపినప్పుడు అందులోని పదార్థాలు ఒక్కొక్కటి ఒక్కొక్క సమయంలో బయటకు వస్తాయి. ఆ సమయాన్ని బట్టి పదార్థాన్ని గుర్తిస్తారు. గ్రాఫ్‌పై ఏర్పడే శిఖరపు వైశాల్యాన్ని బట్టి పరిమాణాన్ని నిర్ణయిస్తారు. తేలికగా ఆవిరయ్యే పదార్థాలకు గ్యాస్ క్రొమటోగ్రఫీ పద్ధతిని ఉపయోగిస్తారు.

పరికరాన్ని నడపడం ఒక ఎత్తు, అది ఇచ్చిన అంకెను నమ్మవచ్చునా లేదా అని తేల్చడం మరొక ఎత్తు. ఒక విశ్లేషణ పద్ధతి తగినదేనని నిరూపించుటకు నిర్దిష్టత, సరళరేఖీయత, ఖచ్చితత్వం, పునరావృత్తి, గుర్తించగల కనీస పరిమాణం తదితర లక్షణాలను పరీక్షించాలి. దీనిని వ్యాలిడేషన్ అంటారు. అనాలిసిస్, క్వాలిటీ అస్యూరెన్స్ శాఖలలో ఇది ప్రత్యేక సబ్జెక్టు. ఈ విషయంలో అంతర్జాతీయ సమన్వయ మండలి జారీ చేసిన క్యు2 మార్గదర్శకం ప్రామాణికం. దాని సవరించిన పాఠం 2023 నవంబరులో ఖరారైంది.

ప్రాక్టికల్స్

వారానికి 12 గంటల ప్రాక్టికల్స్ ఈ కోర్సుకు వెన్నెముక వంటివి. ఉదాహరణకు ఫార్మాస్యూటిక్స్ శాఖ విద్యార్థి మొదటి సెమిస్టర్‌లో ఫార్మకోపియాలోని పదార్థాలను అతినీలలోహిత పద్ధతిలో అంచనా వేయాలి. హెచ్.పి.ఎల్.సి., గ్యాస్ క్రొమటోగ్రఫీ ప్రయోగాలు చేయాలి. రైబోఫ్లేవిన్ లేదా క్వినైన్ సల్ఫేటును ఫ్లోరిమెట్రీ ద్వారా, సోడియం, పొటాషియంలను ఫ్లేమ్ ఫొటోమెట్రీ ద్వారా కొలవాలి.

అదే సెమిస్టర్‌లో మందును ఎక్కువ సేపు విడుదల చేసే మ్యాట్రిక్స్ బిళ్ళలు, కడుపులో తేలియాడే బిళ్ళలు, పొరకు అంటుకొని ఉండే బిళ్ళలు, చర్మపు పట్టీలు తయారు చేయాలి. బిళ్ళను నొక్కే ఒత్తిడి పెరిగినప్పుడు అది విడిపోయే సమయం ఏ విధంగా మారుతుందో, రేణువుల పరిమాణం కరిగే వేగాన్ని ఏ విధంగా ప్రభావితం చేస్తుందో స్వయంగా కొలిచి నమోదు చేయాలి. గట్టిగా నొక్కిన బిళ్ళ రవాణాలో విరగదు గాని, కడుపులో సకాలంలో విడిపోకపోవచ్చు. ఈ రెండింటి మధ్య సమతూకాన్ని విద్యార్థి తన చేతులతో చేసి తెలుసుకోవలసి ఉన్నది.

సెమినార్, జర్నల్ క్లబ్, పరిశోధనా పద్ధతులు

మొదటి రెండు సెమిస్టర్లలో వారానికి ఏడు గంటలు సెమినార్లకు కేటాయించడమైనది. వీటికి ఒక్కొక్క సెమిస్టర్‌లో 4 క్రెడిట్లు, 100 మార్కులు. మూడవ, నాల్గవ సెమిస్టర్లలో జర్నల్ క్లబ్ ఉంటుంది. ప్రచురితమైన ఒక పరిశోధనా పత్రాన్ని విద్యార్థి చదివి, దాని పద్ధతులను, లోపాలను సహాధ్యాయుల ఎదుట వివరించడం దీని ఉద్దేశం. అచ్చయిన ప్రతిదీ ప్రమాణం కాదన్న గ్రహింపు ఇక్కడే అలవడుతుంది.

పరిశోధనా పద్ధతులు – జీవ గణాంక శాస్త్రం మూడవ సెమిస్టర్‌లో అన్ని శాఖలకు ఉమ్మడి సబ్జెక్టు. నమూనా పరిమాణాన్ని నిర్ణయించడం, టి-పరీక్ష, అనోవా, కై-స్క్వేర్ పరీక్ష, సంభావ్యత విలువల అర్థం ఇందులో ఒక భాగం. వైద్య నీతి, సమ్మతి, గోప్యత, హెల్సింకీ ప్రకటన, ప్రయోగ జంతువుల సంరక్షణ మరొక భాగం. దీనికి 4 క్రెడిట్లు ఉన్నప్పటికీ ఇది విశ్వవిద్యాలయ పరీక్ష కాదు. పరీక్షను కళాశాల స్థాయిలోనే నిర్వహిస్తారు. అందుచేత ఈ సబ్జెక్టు బోధన ఏ మేరకు సక్రమంగా జరుగుతున్నదన్నది సంస్థ శ్రద్ధపై ఆధారపడి ఉంటుంది.

పరిశోధన

మూడవ సెమిస్టర్‌లో 14 క్రెడిట్లు, నాల్గవ సెమిస్టర్‌లో 16 క్రెడిట్లు పరిశోధనకు ఉద్దేశించినవి. మార్కులు వరుసగా 350, 400. పరిశోధన గ్రంథాన్ని మూల్యాంకనం చేసేటప్పుడు లక్ష్యాలకు 50, అనుసరించిన పద్ధతులకు 150, ఫలితాలు – చర్చకు 250, ముగింపునకు 50 మార్కులు ఉంటాయి. మౌఖిక సమర్పణకు మరో 250 మార్కులు. ఫలితం అనుకూలంగా వచ్చినదా లేదా అన్నదానికి విడిగా మార్కులు లేవు. పద్ధతికి, దాని ఫలితాల చర్చకే అధిక భాగం కేటాయించడం గమనార్హం.

ఇతరుల రచనలను నకలు చేయడాన్ని అరికట్టుటకు విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2018లో నిబంధనలు జారీ చేసింది. వాటి ప్రకారం 10 శాతం వరకు పోలికకు శిక్ష లేదు. 10 నుండి 40 శాతం వరకు ఉన్నచో ఆరు నెలలకు మించని గడువులో సవరించిన ప్రతిని సమర్పించాలి. 40 నుండి 60 శాతం వరకు ఉన్నచో ఒక సంవత్సరం పాటు సవరించిన ప్రతి సమర్పణకు అవకాశం ఉండదు. 60 శాతం దాటినచో ఆ కోర్సులో విద్యార్థి రిజిస్ట్రేషన్ రద్దవుతుంది.

హాజరు, పరీక్షలు, గ్రేడ్లు

థియరీకి, ప్రాక్టికల్స్‌కు విడివిడిగా 80 శాతం హాజరు తప్పనిసరి. థియరీ సబ్జెక్టుకు 100 మార్కులలో 25 అంతర్గత మూల్యాంకనానికి, 75 సెమిస్టర్ చివరి మూడు గంటల పరీక్షకు కేటాయించారు. అంతర్గత మార్కులలో 15 సెషనల్ పరీక్షలకు, 8 హాజరుకు, 2 విద్యార్థి – అధ్యాపక సంభాషణకు. హాజరు 95 శాతం లేదా అంతకు మించినచో 8 మార్కులు, 80 నుండి 84 శాతం వరకు ఉన్నచో 2 మార్కులు మాత్రమే లభిస్తాయి. ప్రాక్టికల్స్‌కు 150 మార్కులు, చివరి పరీక్ష వ్యవధి ఆరు గంటలు.

ప్రతి సబ్జెక్టులో అంతర్గత మార్కులతో కలిపి 50 శాతం పొందినవారు ఉత్తీర్ణులు. 90 శాతం, అంతకు పైబడినవారికి అత్యున్నత గ్రేడు లభిస్తుంది. మొత్తం గ్రేడు సగటు 7.5, అంతకు మించినచో డిస్టింక్షన్‌తో కూడిన ప్రథమ శ్రేణి, 6.0 నుండి 7.49 వరకు ప్రథమ శ్రేణి, 5.0 నుండి 5.99 వరకు ద్వితీయ శ్రేణి. కోర్సు కాలానికి రెట్టింపు వ్యవధిలో, అనగా నాలుగు సంవత్సరాలలో, పూర్తి చేయనివారు తిరిగి కొత్తగా నమోదు చేసుకోవలసి ఉంటుంది.

జాతీయ సదస్సులో పాల్గొన్నచో 1, అంతర్జాతీయ సదస్సులో పాల్గొన్నచో 2 క్రెడిట్లు సహపాఠ్య కార్యక్రమాల కింద లభిస్తాయి. స్కోపస్ లేదా వెబ్ ఆఫ్ సైన్స్‌లో నమోదైన జాతీయ పత్రికలో ప్రచురణకు 1, అంతర్జాతీయ పత్రికలో ప్రచురణకు 2 క్రెడిట్లు.

ప్రజారోగ్యంతో సంబంధం

ఈ పాఠ్యాంశాల అవసరాన్ని డైఇథిలీన్ గ్లైకాల్ అనే రసాయనం చరిత్ర స్పష్టంగా తెలియజేస్తుంది. ఇది పరిశ్రమలలో వాడే ద్రావణి. రంగు లేకుండా, చిక్కగా, తియ్యగా ఉండుట వలన సిరప్‌లలో వాడే గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్‌ల నుండి దీనిని కంటితో గాని, రుచితో గాని వేరుగా గుర్తించడం సాధ్యం కాదు. శరీరంలో చేరినచో మూత్రపిండాలు పాడై ప్రాణాపాయం కలుగుతుంది.

1937లో అమెరికాలో సల్ఫానిలమైడ్ మందును ఈ ద్రావణిలో కలిపి అమ్మగా వంద మందికి పైగా మరణించారు. దాని పర్యవసానంగా ఆ దేశంలో 1938లో కొత్త చట్టం వచ్చింది. 1986లో ముంబైలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో కలుషిత గ్లిజరిన్ వలన 14 మంది రోగులు మరణించగా జస్టిస్ లెంటిన్ కమిషన్ విచారణ జరిపింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో, పరిసర ప్రాంతాలలో దగ్గు మందు తాగిన 20 మందికి పైగా పిల్లలు మరణించారు. ఆ మందు నమూనాలో 48.6 శాతం డైఇథిలీన్ గ్లైకాల్ ఉన్నట్లు తమిళనాడు ప్రభుత్వ ప్రయోగశాలలో తేలింది. అనుమతించదగిన పరిమితి 0.1 శాతం.

ఈ ఘటనల మధ్య 88 సంవత్సరాల వ్యవధి ఉన్నది. ఈ కాలంలో పరీక్షా పద్ధతులు ఎంతగానో మెరుగుపడ్డాయి. గ్యాస్ క్రొమటోగ్రఫీ ద్వారా ముడి పదార్థంలోని కల్తీని తయారీకి ముందే పట్టుకోవచ్చు. ఎం.ఫార్మసీ మొదటి సెమిస్టర్ విద్యార్థికి ఈ పద్ధతి పాఠ్యాంశమే. పద్ధతి తెలియకపోవడం కాదు, ముడి పదార్థపు ప్రతి కంటైనర్‌ను పరీక్షించకుండానే ఉత్పత్తికి విడుదల చేయడం ఇట్టి విషాదాలకు దారి తీస్తుంది. కావున పరీక్ష చేయడంతో పాటు, పరీక్ష జరగనిదే సంతకం పెట్టరాదన్న నియమాన్ని అలవరచడం కూడా ఈ కోర్సు బాధ్యతగా భావించాలి. పరిశీలన జరిగిన సమయంలోనే, చేసిన వ్యక్తి పేరుతో, చెరిపివేతలు లేకుండా నమోదు చేయాలన్న సూత్రానికి క్వాలిటీ అస్యూరెన్స్ చదువులో ప్రాముఖ్యం ఇందువల్లనే.

ఔషధ నియమాలలోని షెడ్యూల్ ఎం, అనగా ఉత్తమ తయారీ పద్ధతుల నిబంధనలను, కేంద్ర ప్రభుత్వం 2023 డిసెంబరులో సవరించింది. ఔషధ నాణ్యతా వ్యవస్థ, నష్టభయ నిర్వహణ, ఉత్పత్తి నాణ్యత వార్షిక సమీక్ష వంటి అంశాలు ఇందులో చేరాయి. ఇవన్నీ ఎం.ఫార్మసీ పాఠ్యాంశాలలో ఉన్నవే. చిన్న, మధ్యతరహా సంస్థలలో కూడా ఈ అంశాలు తెలిసినవారి అవసరం దీనితో పెరిగింది.

చట్టం దృష్టిలో ఈ డిగ్రీ

మందుల తయారీని పర్యవేక్షించే సాంకేతిక సిబ్బందికి ఔషధ నియమాలు ఎం.ఫార్మసీని తప్పనిసరి చేయలేదు. ఫార్మసీ లేదా ఫార్మాస్యూటికల్ కెమిస్ట్రీ డిగ్రీతో పాటు కనీసం 18 నెలల తయారీ అనుభవం గలవారు అర్హులే. డ్రగ్స్ ఇన్‌స్పెక్టర్ పదవికి కూడా ఫార్మసీ డిగ్రీ సరిపోతుంది. ఫార్మసీ కళాశాలలలో అధ్యాపక పదవులకు మాత్రం సంబంధిత శాఖలో ఎం.ఫార్మసీ ప్రధాన అర్హత. అనగా ఈ కోర్సులో నాణ్యత లోపించినచో దాని ప్రభావం తరువాతి తరం బి.ఫార్మసీ విద్యార్థులపైన, తద్వారా పరిశ్రమలపైన, ఔషధ నియంత్రణ శాఖలపైన పడుతుంది.

నైపర్ సంస్థలు

జాతీయ ఔషధ విద్యా పరిశోధన సంస్థ (నైపర్) 1998 నాటి ప్రత్యేక చట్టం కింద పని చేస్తున్నది. మొహాలీలోని సంస్థ మొదటిది. హైదరాబాద్ బాలానగర్‌లోని నైపర్ 2007లో ఐ.డి.పి.ఎల్. ప్రాంగణంలో ప్రారంభమైంది. ఇవి ఎం.ఎస్.(ఫార్మ్), ఎం.టెక్.(ఫార్మ్), ఎం.బి.ఏ.(ఫార్మ్) తదితర పేర్లతో డిగ్రీలు ఇస్తున్నాయి. ప్రవేశాలు నైపర్ ఉమ్మడి పరీక్ష ద్వారా జరుగుతాయి. ఇక్కడ కూడా మొదటి రెండు సెమిస్టర్లు పాఠ్యాంశాలకు, తరువాతి రెండు పరిశోధనకు ఉద్దేశించినవే.

ఎం.ఫార్మసీని ఫార్మ్.డి. కోర్సుతో కలిపి చూడరాదు. 2008 నిబంధనల కింద వచ్చిన ఫార్మ్.డి. ఇంటర్మీడియట్ లేదా డి.ఫార్మసీ అనంతరం ఆరేళ్లపాటు చదివే వృత్తి విద్య. అందులో చివరి సంవత్సరం ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. ఎం.ఫార్మసీ బి.ఫార్మసీ అనంతరం చదివే రెండేళ్ల ప్రత్యేక విద్య.

పర్యవేక్షణలో పరిశీలించదగిన అంశాలు

క్రెడిట్లు, మార్కులు, పని దినాలు నిబంధనలలో స్పష్టంగా ఉన్నాయి. అవి ఆచరణలో ఉన్నదీ లేనిదీ తెలుసుకొనుటకు కొన్ని రికార్డులు ఉపకరిస్తాయి.

పరికరాల లాగ్ పుస్తకాలు: హెచ్.పి.ఎల్.సి., గ్యాస్ క్రొమటోగ్రఫీ పరికరాలు ఉన్నవా అన్న ప్రశ్నతో బాటు, ఏ తేదీన ఏ విద్యార్థి ఎంత సేపు ఉపయోగించినదీ నమోదైనదా అన్నది ముఖ్యం.

రసాయనాలు, కాలమ్‌ల కొనుగోలు బిల్లులు: పరికరం నడిచినచో ద్రావణులు, కాలమ్‌లు ఖర్చు కాక తప్పదు. కొనుగోళ్లు లేని చోట ప్రాక్టికల్స్ జరిగినట్లు భావించడం కష్టం.

జర్నల్ క్లబ్, సెమినార్ రికార్డులు: చర్చించిన పత్రం, తేదీ, హాజరైనవారి వివరాలు.

నైతిక సంఘాల అనుమతులు: జంతువులపై గాని, రోగులపై గాని జరిగిన పరిశోధనకు అనుమతి తేదీ, పరిశోధన ప్రారంభ తేదీకి ముందుగా ఉన్నదా అన్నది.

పరిశోధన గ్రంథంలోని ముడి లెక్కలు: గ్రంథంలో ముద్రించిన గ్రాఫ్‌లకు ఆధారమైన అసలు ఫలితాలు పరికరంలో భద్రంగా ఉన్నవా అన్నది.

ఈ ఐదు అంశాలు సక్రమంగా ఉన్న కళాశాల నుండి వెలువడిన విద్యార్థి, రేపు కర్మాగారంలో గాని, ప్రభుత్వ ప్రయోగశాలలో గాని ఒక బ్యాచ్ మందును విడుదల చేసే కాగితం ముందు కూర్చున్నప్పుడు, దానిపై సంతకం చేయాలో, నిలుపుదల చేయాలో నిర్ణయించగలుగుతాడు. 52 క్రెడిట్ల పాఠ్యాంశాల ప్రయోజనం ఆ నిర్ణయంలోనే వెల్లడవుతుంది.